కోమల సెమినారులో నేను కొట్టేసిన వాక్యం

ముప్పై నాలుగేళ్ళు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మూడు కాలేజీల్లో పనిచేశాను. ఎక్కడ పనిచేసినా నా పాఠం ఒకటే. బఠానీ మొక్కల దగ్గర మొదలుపెట్టి, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే జబ్బులు, లోపాల దగ్గర ముగించేవాణ్ణి. వాటిలో ఒకటి నాకే ఉంది. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఆ సంగతి ఒక్క క్లాసులోనూ చెప్పలేదు.

కొత్తగా చేరిన లెక్చరర్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "సార్, మీ పాత నోట్సు ఉంటే ఇవ్వండి" అంటారు. నోట్సును చెదలు తినేశాయి. తినకపోయినా పెద్ద నష్టం ఉండేది కాదు. అందులో ఉన్నదంతా ఇప్పుడు ఫోన్లో దొరుకుతుంది. ఫోన్లో దొరకనిది నేను చేసిన తప్పు ఒకటుంది. అది రాసి ఇస్తున్నాను.

చుక్కల పుస్తకం

ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో మా మాస్టారు ఒక మధ్యాహ్నం రంగుచుక్కల పుస్తకం తెచ్చి క్లాసంతా తిప్పారు. పేజీ నిండా చిన్నా పెద్దా చుక్కలుంటాయి. వాటి మధ్య వేరే రంగు చుక్కలతో ఒక అంకె ఉంటుంది. రంగులు సరిగ్గా కనిపించేవాళ్ళకు ఆ అంకె కనిపిస్తుంది. నా పక్కవాడు చూసి ఇరవై తొమ్మిది అన్నాడు. నాకు స్పష్టంగా డెబ్బై కనిపించింది. పుస్తకం నా చేతికి వచ్చినప్పుడు నేనూ ఇరవై తొమ్మిది అన్నాను. నా అధ్యాపక జీవితానికి అదే పునాది.

ఉద్యోగంలో చేరాక అలాంటి పుస్తకమే కాలేజీ లాబ్‌లో కనిపించింది. రెండు రోజులు దగ్గర పెట్టుకుని ఏ పేజీలో ఏ అంకె ఉందో బట్టీ కొట్టాను. అప్పటినుంచి ఏటా పిల్లల ముందు ఒక్కో పేజీ తిప్పి, "ఇక్కడ డెబ్బై నాలుగు. కనిపించని వాళ్ళు చెయ్యెత్తండి" అనేవాణ్ణి. చెయ్యెత్తినవాళ్ళను జాలిగా చూసేవాణ్ణి కూడా.

లాబ్ అటెండరు మునిరత్నానికి మాత్రం నా గుట్టు తెలుసు. మైక్రోస్కోపు కింద గాజు పలక పెడుతూ, "ఇది ఎర్రది సార్, ఆ మూలది పచ్చది" అని నా చెవిలో చెప్పేవాడు. నేను అదే మాట గట్టిగా క్లాసుకు చెప్పేవాణ్ణి. ఒకసారి మునిరత్నం లీవులో ఉన్నప్పుడు నేనే అంగడికి వెళ్ళి పేపర్లు దిద్దడానికి రీఫిల్లు కొనుక్కున్నాను. మూడు రోజుల తర్వాత ప్రిన్సిపాల్ పిలిపించారు. బల్లమీద నేను దిద్దిన పేపర్ల కట్ట ఉంది.

"ఏమయ్యా, నా కుర్చీ అప్పుడే కావాల్నా నీకు?" అన్నారు.

ఆకుపచ్చ సిరా ఆయన సంతకానికి మాత్రమే వాడతారు. నేను అరవై పేపర్లు ఆకుపచ్చతో దిద్దాను. "వెరైటీగా ఉంటుందని సార్" అన్నాను. లోపం ఉందని చెప్పడం కంటే తలతిక్క ఉందని అనిపించుకోవడం నయమనిపించింది.

సెమినార్లు

ఆఖరి సంవత్సరం పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో వంశపారంపర్య లోపం తీసుకుని, దాని గురించి చదివి, వివరాలు సేకరించి, క్లాసు ముందు మాట్లాడాలి. ఈ పద్ధతి నేనే పెట్టాను. దాని గురించి చాలా గొప్పలు చెప్పుకున్నాను. నిజానికి జరిగేది వేరు. ఇంటర్నెట్ సెంటరుకు పోయి, ఉన్నదున్నట్టు ప్రింటు తీసుకుని వచ్చి చదివేవాళ్ళు. ఒకబ్బాయి రక్తం గడ్డకట్టని జబ్బు గురించి గంభీరంగా చదువుతూ, "మరిన్ని వివరాలకు ఇక్కడ క్లిక్ చేయండి" అని కూడా చదివి కూర్చున్నాడు. అతనికి పదికి ఎనిమిది వేశాను. కంఠం బాగుంది.

చార్టు ఎంత పెద్దదైతే అన్ని మార్కులు. వంశవృక్షం గీసి, మగవాళ్ళను చతురస్రాలుగా, ఆడవాళ్ళను గుండ్రాలుగా వేసి, లోపం ఉన్నవాళ్ళను పూర్తిగా నల్లగా నింపాలి. లోపం పైకి కనిపించకుండా పిల్లలకు అందించే తల్లిని సగం నల్లగా నింపాలి. ఆ సగం నలుపు గుండ్రాలు నా కాలంలో ఎన్ని వేయించానో లెక్కలేదు. ఒక్క గుండ్రమైనా బతికున్న మనిషని నాకెప్పుడూ తోచలేదు.

కోమల

నగరి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి కోమల. వాళ్ళింట్లో రెండు మరమగ్గాలున్నాయి. చెక్స్ లుంగీలు నేస్తారు. తండ్రి ఏకాంబరం, అన్న శరవణ మగ్గాల మీద ఉంటారు. తల్లి కాంతమ్మ కండెలు చుడుతుంది. కండె అంటే అడ్డం పోగు కోసం నూలు చుట్టిన చిన్న పుల్ల. మగ్గంలో రంగు మారినప్పుడల్లా ఆ రంగు కండె అందించాలి.

శరవణ రైల్వే ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యాడు. కళ్ళ పరీక్షలో చుక్కల పుస్తకం దగ్గర ఆగిపోయాడు. తిరిగివచ్చి మళ్ళీ మగ్గం ఎక్కాడు. ఇంట్లో ఆ విషయం గురించి తండ్రి కోపంగా, మిగతావాళ్ళు నోరెత్తకుండా ఉన్న రోజుల్లో కోమల నా దగ్గరికి వచ్చింది.

"సార్, నేను రంగులు కనబడని లోపం తీసుకుంటాను. మా అన్నకు ఉండాది" అంది.

ఇన్నేళ్ళలో కాపీ కొట్టని సెమినారు అదొక్కటే. క్లాసులో అందరినీ, చివరికి కాంటీన్ వాళ్ళను కూడా పరీక్షించింది. లాబ్ పుస్తకం పాతబడిందని చుక్కల పేజీలు కొత్తగా ప్రింటు తీయించి తెచ్చి స్టాఫ్‌రూంలో నా ముందు పెట్టింది. పైన ఉన్న పేజీ చూసి, "డెబ్బై నాలుగు. ప్రింటు బాగా వచ్చింది" అన్నాను ధీమాగా.

కోమల ఒక్క క్షణం పేజీ వైపు, ఒక్క క్షణం నా వైపు చూసింది. "అవును సార్" అని కట్ట తీసుకుని వెళ్ళిపోయింది. పేజీలు తను వేరే వరుసలో పెట్టిందని, అక్కడున్నది నలభై అయిదని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఆ ఏడు ప్రిన్సిపాల్‌కు ఒక ఆలోచన వచ్చింది. తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల చేత సెమినార్లు చెప్పించాలి, తెలుగులో, ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు. నేను కోమలను ఎంచుకున్నాను. రాసుకొచ్చిన కాగితాలు దిద్దాను. తల్లి నుంచి కొడుక్కి లోపం ఎట్లా వస్తుందో చక్కగా రాసింది. దాని కింద, "ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరూ కావాలని ఇచ్చేది కాదు, ఎవరూ అడిగి తీసుకునేదీ కాదు" అని ఉంది.

నేను ఆ మాటలు కొట్టేశాను. "ఇది సైన్సు కాదమ్మా, సెంటిమెంటు. టైము కూడా చాలదు" అన్నాను.

"ఉండనీండి సార్, మా అమ్మా నాయనా వస్తారు" అంది.

"అయితే మరీ శాస్త్రీయంగా ఉండాలి" అన్నాను. ఎంత తెలివి!

సమావేశం రోజున కోమల బాగా మాట్లాడింది. చార్టులో పేర్లు లేవు. 'ఒక నేత కుటుంబం' అని మాత్రం ఉంది. ఆ హాల్లో నేత కుటుంబాలు చాలానే ఉన్నా, రైల్వే కళ్ళ పరీక్షలో తప్పి తిరిగివచ్చిన కొడుకు ఉన్నది ఒక్కరికే. ఆమె కట్టె పెట్టి చూపించిన సగం నలుపు గుండ్రం ఎవరో చుట్టుపక్కల వాళ్ళకు అర్థమైపోయింది. నాలుగో వరసలో ఏకాంబరం లేచి నిలబడ్డాడు.

"సార్, ఒక డౌటు. అంటే మావోడికి ఈ లోపం వాళ్ళమ్మ తట్టునుంచి వచ్చిందనేనా?"

మైకు నా చేతిలో ఉంది. మంచి ప్రశ్న అడిగినందుకు ఆయన్ని అభినందించాను. "నూటికి నూరు పాళ్ళూ తల్లి నుంచే. ఇందులో తండ్రికి సంబంధమే లేదు" అని తీర్పు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఏకాంబరం కూర్చుని పక్కకు తిరిగి భార్యతో ఏదో అన్నాడు. కాంతమ్మ తలెత్తలేదు. నాకు ఆ రోజు కనిపించింది చప్పట్లు కొట్టే చేతులు మాత్రమే.

నగరిలో

ఆ తర్వాత కోమల కాలేజీకి రాలేదు. మొదటి వారం జ్వరమేమో అనుకున్నాను. రెండో వారం ఆ ఊరి పిల్లలను అడిగితే, "చదువు మానేస్తుందంట సార్. అన్న పక్కన కూర్చుని కండెలు ఏరిస్తా ఉండాది" అన్నారు. పరీక్షలకు నెల కూడా లేదు.

బస్సెక్కి నగరి వెళ్ళాను. దారంతా ఏకాంబరానికి ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. వెళ్ళేసరికి రెండు మగ్గాల్లో ఒకటి ఆగి ఉంది. దాని దగ్గర శరవణ కండెల కోసం చూస్తూ ఖాళీగా కూర్చున్నాడు. కోమల వాకిట్లో బుట్ట ముందు కూర్చుని కండెలు ఏరుతోంది. కాంతమ్మ వెనక వసారాలో రాట్నం తిప్పుతోంది. నన్ను చూసి తల తిప్పుకుంది.

"రాండి సార్, కూసోండి" అని ఏకాంబరం కుర్చీ వేశాడు. "ఏం జరిగిందో ఏమో సార్, పాప ఏరిస్తే తప్ప, పది దినాల్నుంచి ఈడు నేసిందంతా తప్పే. మెరూను పడాల్సిన కాడ పచ్చ, పచ్చ పడాల్సిన కాడ మెరూను. అంతకుముందు ఒక్క తప్పు లేదు. మీరు చెప్పిన ఆ రోగం ముదిరిందేమో?"

"ముదిరే జబ్బు కాదు ఇది" అని కాగితం తీసి బొమ్మలు వేశాను. ఎక్స్ క్రోమోజోములు తల్లికి రెండు, తండ్రికి ఒకటి, కొడుక్కి తల్లి నుంచి ఒకటి అని పావుగంట చెప్పాను. ఏకాంబరం ఓపిగ్గా విన్నాడు.

"అదే గదా సార్ నేనూ అనేది. ఆయమ్మ తట్టునుంచే అని మీరూ ఒప్పుకుంటా ఉండారు గదా!"

నేను ఇంకో కాగితం తీశాను. అది చూసి ఆయన లేచి, బుట్టలోంచి రెండు కండెలు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టాడు.

"సైన్సు నాకు తెలీదు సార్. ఒకటి మెరూను, ఒకటి పచ్చ. ఇంత తేడా ఉండాదే, కండ్లున్నోడికి తెలీకుండా పోతాదా? మీరే చెప్పండి, దీంట్లో పచ్చ ఏది?"

రెండు కండెలూ నాకు ఒక్కటిగానే ఉన్నాయి. అలవాటు ప్రకారం ఒకటి ఎత్తి గట్టిగా చెప్పేయవచ్చు. సగం సార్లు నా మాట నిజమయ్యేది. కోమల పని ఆపి నన్నే చూస్తోంది. మగ్గం దగ్గరి నుంచి శరవణ కూడా చూస్తున్నాడు.

"నాకు తెలీదప్పా" అన్నాను.

"ఏంది?"

"నాకూ మీ వాడి మాదిరే. పుట్టినప్పటి నుంచీ. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు."

ఏకాంబరం నా చేతుల్లోని కండెలు వెనక్కి తీసుకున్నాడు. ముందు నవ్వింది శరవణ. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక, మగ్గం చెక్క పట్టుకుని నవ్వాడు. "నిజంగానా సార్? చుక్కల పుస్తకం మీరే చూపిస్తారంట గదా!"

"బట్టీ కొట్టినాను."

"నాకు ముందే తెలుసు సార్" అంది కోమల మెల్లగా. "మా అన్న కూడా ఇంతే. తెలీనప్పుడే గట్టిగా చెప్తాడు."

వెనక వసారాలో రాట్నం ఆగింది. కాంతమ్మ పైట సర్దుకుంటూ వచ్చి గడప దగ్గర కూర్చుంది. మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"మా నాయనకీ ఇంతే సార్" అంది. "యాభై ఏండ్లు నేసినాడు. ఒక్క గుడ్డ తప్పు పోలే. మా అమ్మ ఎర్ర కండెలు బకెట్లో, పచ్చవి బుట్టలో ఏసేది. ఆయన సూడకుండానే చెయ్యి పెట్టి తీసుకునేవాడు. శరవణ మగ్గమెక్కినాక నాలుగు దినాలు సూసినా. తెలిసిపాయ. నేనూ ఒక బకెట్టు తెచ్చుకున్నా."

ఏకాంబరం కొడుకు వైపు తిరిగాడు. "నీకు తెలుసునా రా?"

"తెలుసు నాయనా. చెప్తే మగ్గం దించేస్తావని..."

"మరి ఇప్పుడెందుకు మాన్తివి?" అని భార్యను అడిగాడు ఏకాంబరం.

"అన్నం వండినా, గుడ్డలు ఉతికినా, కండెలూ చుట్టినా. ఏరి పెట్టేది మాత్రం మానేసినా. నా తట్టునుంచి వచ్చిన లోపమని వీధంతా చెప్పుకున్నారు. నా తట్టునుంచి వచ్చిన ఉపాయం మాత్రం ఊరికే కావాల్నా?" అని, కూతురి వైపు చూసి గొంతు తగ్గించింది. "పది మంది ముందర బొమ్మ ఏసి చూపించేదానికి ముందు నన్ను ఒక్క మాట అడిగుంటే, మా నాయన సంగతి నేనే చెప్పుందును గదమ్మా."

కోమల రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఇక నేను మాట్లాడకుండా ఉండలేకపోయాను.

"అమ్మా, ఆ పాప రాసింది. ఇందులో ఎవరి తప్పూ లేదని రాసింది. నేనే కొట్టేసినాను."

"ఎందుకు సార్?"

"అది సైన్సు కాదని."

"ఆ మాట నిజమేనా, కాదా?"

"నిజమే."

"నిజమైనప్పుడు సైన్సు కాకుండా యాడికి పోతాది సార్?"

ముప్పై నాలుగేళ్ళలో నన్ను చాలామంది ప్రశ్నలు అడిగారు. జవాబు తెలియనివాటికి 'రేపు చెబుతాను' అనేవాణ్ణి. ఆ రోజు ఆమెకు చేతులు జోడించాను. అంతకంటే నాటకీయంగా ఏమీ జరగలేదు.

ఏకాంబరం క్షమాపణ చెప్పే రకం కాదు. లేచి వెళ్ళి, స్నానాల గదిలో నీళ్ళకు వాడుతున్న బకెట్టు బోర్లించి, భుజం మీది తువ్వాలుతో లోపలా బయటా తుడిచి, తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. కాంతమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఆరనీ" అంది. నేను బయల్దేరేటప్పుడు టీ ఇచ్చింది. చక్కెర ఎక్కువ వేసిందో, నా నోరు చేదుగా ఉండి అట్లా అనిపించిందో తెలియదు.

నాలుగు రోజుల తర్వాత కోమల కాలేజీకి వచ్చింది. "అమ్మ ఏరి పెడతా ఉండాది సార్. నాయనక్కూడా నేర్పించింది" అని చెప్పింది. పరీక్షలు రాసి పాసయింది. ఇప్పుడు పలమనేరులో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతోంది.

కోమల తిరిగివచ్చిన మరుసటి సోమవారం క్లాసులో చుక్కల కట్ట ఆమె చేతికే ఇచ్చి, అందరి ముందు పరీక్ష రాయించుకున్నాను. ఇరవైకి మూడు వచ్చాయి. వెనక బెంచీల వాళ్ళు నా కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న రోజు అదొక్కటే కాబట్టి చాలాసేపు ఈలలు వేశారు. మునిరత్నం మాత్రం బాధపడ్డాడు. "ఇన్నేండ్లు నేను కాపాడినాను సార్, మీరే బయటేసుకుంటిరి" అన్నాడు.

కొత్తవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఈ సబ్జెక్టులో పిల్లలు గీసే ప్రతి గుండ్రమూ, ప్రతి చతురస్రమూ ఎవరింట్లోనో కూర్చుని అన్నం తింటూ ఉంటుంది. పిల్లలు తమ ఇంటి సంగతి తీసుకుంటే, ముందు ఇంట్లో చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే క్లాసుకు తెమ్మనండి. వద్దంటే ఆ చార్టు చింపేయండి, మార్కులు మాత్రం వేయండి. 'ఎవరి నుంచి వచ్చింది' అని చెప్పిన నోటితోనే 'ఎవరి తప్పూ కాదు' అని చెప్పండి. టైము చాలకపోతే మొదటిది వదిలేయండి.

చంద్రగిరిలో మా అక్క

నగరి నుంచి వచ్చిన తర్వాత కొన్నాళ్ళు నన్ను ఒక విషయం కుదురుగా ఉండనివ్వలేదు. చంద్రగిరిలో మా అక్క ఉంది. ఆమెకు ఇద్దరు కొడుకులు. నాలో ఉన్న లోపం మా అమ్మ నుంచి వచ్చిందే కాబట్టి అక్కకూ వచ్చి ఉండవచ్చు, ఆమె కొడుకులకూ ఉండవచ్చు. ఊళ్ళో పిల్లలందరి వంశవృక్షాలు గీయించిన నేను, మా ఇంటిది ఒక్కసారి గీయలేదు. అక్కతో ఒక్క మాట అనలేదు.

ఒక ఆదివారం వెళ్ళాను. అక్క వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, "అక్కా, నీకు ఒక విషయం చెప్పాల. నాకు చిన్నప్పటినుంచి ఒక లోపం ఉండాది" అని మొదలుపెట్టాను.

"రంగులు తెలీవు, అంతే గదా" అంది తలెత్తకుండా.

"నీకెట్లా తెలుసు?"

"ఇంట్లో అందరికీ తెలుసు రా. నువ్వు కాలేజీకి పోయే దినాల్లో అమ్మ నీ చొక్కా మీద ప్యాంటు పెట్టి జతలుగా ఎందుకు మడిచేది అనుకుంటివి? ఒకసారి నీ ఇష్టానికి వేసుకుని పోతే వీధి పిల్లోళ్ళు వెంటబడినారు. అప్పటినుంచి అమ్మే పెట్టేది. వాడికి చెప్పొద్దండి, బాధపడతాడు అనేది."

అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. నా భార్య మొదట్లో, "మీ చొక్కాలు ఇట్లా మడవమని అత్తయ్య చెప్పినారు" అంటే, ముసలావిడ ఛాదస్తం అని నవ్వాను.

"మరి మీ పిల్లలకు?" అని అడిగాను.

"పెద్దోడికి లేదు. చిన్నోడికి ఉండాది. వాడు చిన్నప్పుడు బొమ్మకు రంగులేస్తే ఆవు పచ్చగా వచ్చింది. అమ్మ చూసి, 'వీడికి మేనమామ పోలిక వచ్చిందే' అని ముద్దు పెట్టుకునింది."

తల్లి ద్వారా కొడుక్కి, మేనమామకూ మేనల్లుడికీ ఒకే లోపం. నల్లబల్ల మీద బాణాలు వేసి నేను మూడు పీరియడ్లు చెప్పే పాఠం అది.

అంతలో చిన్నోడు వచ్చాడు. చిన్నోడంటే నలభై ఏళ్ళవాడు, మొబైల్ షాపు ఉంది. గేటు ముందు కొత్త స్కూటరు నిలబెట్టి, "ఎట్లుంది మామా బండి? నేనే రంగు ఎంచుకున్నా" అన్నాడు.

"బాగుందబ్బా. మంచి ఎరుపు" అన్నాను.

"ఎరుపా? పచ్చ అని తీసుకున్నానే!"

ఇద్దరం గేటు దగ్గర నిలబడి చాలాసేపు వాదించుకున్నాం. అక్క చింతపండు చేట పట్టుకుని వచ్చింది. స్కూటరును ఒకసారి, మా ఇద్దరినీ ఒకసారి చూసింది. ఏ రంగో చెప్పకుండా, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయింది.